ఎలిజబెత్ ఎక్కించిన చావు

నాచారంలోని మా బస్తీ దవాఖానాలో ఎలిజబెత్ పదకొండేళ్లుగా కంప్యూటర్ ఆపరేటర్. చీటీ చూసి పేరు, వయసు, జబ్బు కొట్టడమే పని. తలెత్తి మనిషిని చూసే తీరిక లేదు, చూడమని అడిగినవాళ్లూ లేరు. అక్కడే నర్సునైన నాకూ ఈ మాట వర్తిస్తుంది.

ఆమధ్య జిల్లా ఆఫీసులో డేటా అనలిస్ట్ పోస్టు పడింది. పాతవాళ్లకే శిక్షణ ఇచ్చి, పరీక్షలో మొదట వచ్చినవారికి ఇస్తామన్నారు. నలభై రెండేళ్ల ఎలిజబెత్‌కు ఇదే ఆఖరి అవకాశం. మూడు నెలలు శిక్షణకని ఉప్పల్‌కు తిరిగింది. బస్సులో కూడా ఫార్ములాలు గొణుక్కుంటుంటే నాకు నవ్వొచ్చేది.

ఆఖరి పరీక్షలో ఎవరి దవాఖానా టీబీ జాబితాను వాళ్లే పరిశీలించి, సాయంత్రం అధికారి నరసింహమూర్తి గారి ముందు వివరించాలి. ఎలిజబెత్ జాబితాలో ఒక్కటే చావు. నర్సయ్య, యాభై ఆరేళ్లు. అదే ఇంటి నంబరులో, అదే వయసుతో, జబ్బు నయమైన బెంజమిన్ కూడా ఉన్నాడు.

ఆమెకు అనుమానం వచ్చింది. భోజనాల వేళ మా ఆశా వర్కర్ త్రివేణికి ఫోన్ చేస్తే సంగతి తేలింది. నర్సయ్య చికిత్స మధ్యలో బాప్తిస్మం తీసుకుని బెంజమిన్ అయ్యాడు. చీటీలో కొత్త పేరు చూసి ఎలిజబెత్ కొత్త రోగిగా ఎక్కించింది. నర్సయ్య మందులకు రావడం లేదని త్రివేణి ఇంటికి వెళ్లి అడిగితే, గడపలో కూర్చున్న ఆయనే, "నర్సయ్య సచ్చిపోయిండమ్మా" అన్నాడట. బాప్తిస్మంతో పాత మనిషి చనిపోతాడని క్రైస్తవుల మాట. పాపం త్రివేణికి అదేం తెలుసు, రాసుకొచ్చింది. చిన్నప్పటినుంచీ చర్చిలో ఆ మాట వింటున్న ఎలిజబెత్ కూడా, ఆయన ఏమన్నాడని త్రివేణిని అడక్కుండానే, చావు ఎక్కించేసింది.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. నేనైతే మూసుకునేదాన్నే. సాయంత్రం ఆమె లేచి నిలబడింది.

"ఈ చావు అబద్ధం సార్. ఆయన బతికే ఉన్నడు. ఎక్కించింది నేనే."

ఇలాంటివి ఇంకెన్ని ఉంటాయని నరసింహమూర్తి గారు అడిగారు.

"తెల్వదు సార్. ఇన్నేండ్లల్ల ఒక్కనాడు అడగలే."

పోస్టు ఆమెకే వచ్చింది. నాకు కాస్త అసూయగానే ఉంది. మొదటి వారంలోనే, జిల్లాలో టీబీతో చనిపోయారని నమోదైన నలభై ముగ్గురి నంబర్లకు, ముందే క్షమించమంటూ, ఫోన్లు చేసింది. ఇద్దరు తమ ఫోన్ తామే ఎత్తారు.