గేటు పక్కన రెండు కుర్చీలు

"మీరు ఆదివారం బావ పద్నాలుగేనాండి?" అని ఫోన్లో ఎవరో అమ్మాయి అడిగింది. నంబరు పెద్దాయనది, గొంతు ఆయనది కాదు. ఆయన కూతురట. తెల్లవారుజామున నిద్రలోనే పోయారని, నాన్న ఫోన్లో పేర్లకు బదులు ఆదివారం బావ ఒకటి, రెండు, మూడు అని ఉంటే ఎవరో ఏమిటో తెలియక వరసగా అందరికీ చేస్తున్నానని చెప్పింది.

ఆయన పేరు నేనిక్కడ రాయను. తాగుడు మానాలనుకునేవాళ్లం వారం వారం కూర్చునే మా గదిలో ఇంటిపేర్లు ఉండవు, అక్కడ విన్నది గడప దాటదు. ఆ నియమాన్ని ఆయన ఫోన్లో కూడా పాటించారని ఆ రోజే తెలిసింది. మాకు ఆయన కుర్చీల పెద్దాయన. ఆయనకు మేమంతా, మనవడి వయసువాళ్లతో సహా, బావలం.

నేను ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ నడుపుతాను. ఆరేళ్ల కిందట పొద్దుటి షిఫ్టులో నా చేతులు వణకడం చూసి నన్ను కిందికి దించేశారు. మానుకుంటేనే మళ్లీ క్రేన్ ఎక్కేదన్నారు. మా ఆవిడ ఆసుపత్రిలో నర్సమ్మను బతిమాలి, వన్ టౌన్‌లో చర్చి వెనక గదిలో ఆదివారం సాయంత్రం మీటింగ్ అవుతుందని మందుల చీటీ వెనక రాయించుకొచ్చింది.

మొదటి ఆదివారం గేటు దాకా వెళ్లి, ఎదురుగా ఉన్న బడ్డీలో టీ తాగి తిరిగొచ్చేశాను. రెండోవారం ఆ సందు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. పట్టపగలు బ్రాందీ షాపులోకి దర్జాగా దూరినవాణ్ణి, ఆ గేటు దాటడానికి మాత్రం సిగ్గు అడ్డొచ్చింది. మూడోవారం కూడా అంతే. ఇంటికొస్తే మా ఆవిడ, "మీటింగ్‌లో ఏటి సెప్పేరు?" అని అడిగింది. "మానీమన్నారు" అన్నాను. పాపం, నమ్మింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

నాలుగోవారం వెళ్లేసరికి గేటు పక్కన గోడకు ఆనించి రెండు ఇనప కుర్చీలున్నాయి. భుజాన తువ్వాలు, ముందుపన్ను లేని నవ్వు, పెద్దాయన అక్కడే నిలబడి ఉన్నారు.

"బావా, ఇయి లోపలెట్టాల. ఒకటి నువ్వట్టుకో" అన్నారు.

కుర్చీ మోయడానికి సిగ్గెందుకు? రెండు చేతులా బిగించి పట్టుకున్నాను. అలా పట్టుకుంటే వణుకు కూడా కనబడలేదు. లోపల పెట్టేసి జారుకుందామనుకుంటే, మోసినవాడివి ఓ అరగంట కూర్చుని పొమ్మన్నారు. కూర్చున్నాను. అక్కడ ఎవరూ మానెయ్యమని చెప్పలేదు. ఒక్కొక్కరూ లేచి తమ సంగతి చెప్పుకున్నారు, అన్నీ నా సంగతిలాగే ఉన్నాయి.

ఆయన పోర్టులో లాంచీ మెకానిక్‌గా చేసి రిటైరైనవారు. భీమిలి నుంచి బస్సెక్కి అందరికన్నా ముందొచ్చేవారు. చొక్కా జేబులో కాగితం పొట్లం, అందులో బెల్లం ముక్కలు. ఎవరి ముఖం చూసి ఏం కనిపెట్టేవారో, అడక్కుండానే ఒక ముక్క చేతిలో పెట్టి, "ఇయ్యాల మట్టుకు మానీ బావా. రేపటి సంగతి రేపు సూద్దాం" అనేవారు. ఇప్పటికీ బెల్లం వాసన తగిలితే నాకు ఆ గది, దూరంగా ఓడ కూత, ఫ్యాను కిర్రుమనడం అన్నీ ఒక్కసారే గుర్తొస్తాయి.

మళ్లీ క్రేన్ ఎక్కాను. ఏడాది బాగానే ఉన్నాను. తర్వాత మధురవాడలో బంధువుల పెళ్లిలో, ఒక్క గ్లాసే కదా అని మొదలెట్టి మూడు రోజులు తాగాను. ఆదివారాలు ఎగ్గొట్టాను. మూడోవారం ఆయన ఫోన్ చేశారు. మందలింపు లేదు, నీతులు లేవు. నడుం పట్టేసింది, కుర్చీలు మోసేవాడు లేడు, రమ్మన్నారు. వెళ్లాను. తల ఎత్తలేకపోతుంటే నా కుర్చీ తువ్వాలుతో తుడిచి, "జారినోడికి గూడా ఇక్కడ కుర్సీ ఉంటాది" అన్నారు. అప్పుడు ఏడ్చాను. సిగ్గుపడలేదు.

ఆయన గుట్టు తెలిసింది ఆ తర్వాతే. ఒకరోజు గంట ముందు వెళ్తే, నడుం నొప్పి మనిషి గదిలోంచి రెండు కుర్చీలు చెరో చేత్తో బయటికి మోసుకెళ్తున్నారు! లోపలున్న కుర్చీలను బయట పెట్టి, మళ్లీ మాలాంటివాళ్లతో లోపలికి మోయిస్తున్నారన్నమాట. దొరికిపోయి నవ్వారు.

"నిన్ను మూడు వారాలు సూసేను బావా, ఆ టీ బడ్డీ కాడ. పిలిస్తే పారిపోదువు. తాగుబోతుగా రమ్మంటే ఎవుడొత్తాడు? కుర్సీ మోయడానికైతే ఎవుడైనా వత్తాడు."

ఆయన పోయిన రోజు భీమిలిలో వాళ్లింటికి ఆదివారం బావలం దాదాపు అందరం వెళ్లాం. కూతురు నా దగ్గరకొచ్చి, నాన్న ఆదివారాలు ఎక్కడికెళ్లేవారండీ అని అడిగింది. గడప దాటకూడని మాట. కుర్చీలు వేసేవారమ్మా అన్నాను. ఆ పిల్ల అయోమయంగా చూసింది. గోడకు చేరగిలబడ్డ వాళ్లమ్మ మాత్రం కళ్లు తుడుచుకుని, "ఆ కుర్సీలే మన ఇల్లు నిలబెట్టేయి. నువ్వూరుకో" అంది.

మొన్న ఆదివారం గంట ముందే వెళ్లాను. గేటు పక్క గోడ ఖాళీగా ఉంది. లోపలినుంచి రెండు కుర్చీలు తెచ్చి అక్కడ ఆనించి, తువ్వాలుతో తుడిచాను. ఎదురుగా టీ బడ్డీ దగ్గర ఒకతను, ఎప్పుడో ఖాళీ అయిన గ్లాసు పట్టుకుని గేటువైపు చూస్తున్నాడు. నేను అటు చూడగానే తల తిప్పుకున్నాడు. పేరు అడగలేదు. నా జేబులో బెల్లం పొట్లం ఉందో లేదో ఒకసారి తడుముకున్నాను.

"బావా, ఇయి లోపలెట్టాల. ఒకటి నువ్వట్టుకో" అన్నాను.

అతను గ్లాసు బల్ల మీద పెట్టి, చేతులు రెండూ ప్యాంటుకు తుడుచుకుంటూ రోడ్డు దాటాడు.