కళ్లు మూసుకుంటే కుదిరిన సంబంధం

ఆ రోజుల్లో కంప్యూటర్ ముందు ఎంతసేపు కదలకుండా కూర్చుంటే అంత పనిమంతుడనుకునేవాళ్లం. ప్రొద్దుటూరులో ఒక జిరాక్సు షాపులో తెలుగు టైపింగు నా తొలి ఉద్యోగం. పెళ్లిపత్రికలు కొట్టీ కొట్టీ ఏడాది తిరక్కుండానే నా కళ్లు పండుమిరపకాయలయ్యాయి. కంటి డాక్టరు చూసి, "కళ్లకేం కాలేదబ్బీ. నువ్వు రెప్ప వేసేదే మర్చిపోయినావు. మధ్యమధ్యలో దూరంగా చూడు. కాసేపు కళ్లు మూసుకో, ఇరవై లెక్కపెట్టి తెరువు" అన్నాడు. నా ఎదురుగా ఉన్నది గోడ. (దానిమీద ఒక క్యాలెండరు ఉండేది, అదీ కిందటేడాదిది.) ఇక దూరపు చూపు ఎక్కడ? అందుకని రెండో మాటనే శ్రద్ధగా పట్టుకున్నాను. అరచేతుల్లో ముఖం పెట్టుకుని, పెదాలు కదుపుతూ అంకెలు లెక్కపెట్టేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే మా అమ్మ పులివెందులలో నాకొక సంబంధం చూసింది. అంతకుముందే జమ్మలమడుగు చర్చిలో ఒక పెళ్లికి ఆ అమ్మాయి వచ్చినప్పుడు చూశాను. ఆ పిల్ల కాకపోతే ఇంకెవరూ వద్దని అమ్మకు తేల్చి చెప్పేశాను. వాళ్ల నాయన రిటైరైన టీచరు, మహా భక్తుడు. మావైపు పిల్లనిచ్చే ముందు, పిల్లోడు పనిచేసే చోటికి చెప్పకుండా వచ్చి చూసిపోవడం మామూలే. ఆయనా జిరాక్సు వంకతో మా షాపుకొచ్చి చాలాసేపు కూర్చుని పోయాడట. నాకు తెలియలేదు. కళ్లు మూసుకుని ఉన్నాను కదా!

పెళ్లిచూపులనాడు ఆయన అందరి ముందూ నా భుజం తట్టి, "పని మధ్యలో గూడా మాటిమాటికీ ప్రార్థన చేసుకుంటాండాడు. ఇట్లాంటి బిడ్డ యాడ దొరుకుతాడు? నాయనా, ఈపొద్దు నువ్వే ప్రార్థన చెయ్యి" అన్నాడు. చర్చిలో నాది వెనక బెంచీ. నిజం చెబితే సంబంధం పోతుంది, చెప్పకుండా ఉందామంటే ప్రార్థన రాదు. అమ్మ తొడపాశం పెట్టింది. అలవాటు కొద్దీ అరచేతుల్లో ముఖం పెట్టుకుని నోరు తెరిచాను. వచ్చిందేమిటయ్యా అంటే, "ఒకటి... రెండు... మూడు..."

"ఏందిది?" అన్నాడు కాబోయే మామ (ఇక కాడులే అనుకున్నాను). అప్పుడు వంటింటి గుమ్మం దగ్గర నుంచి ఆ అమ్మాయి గొంతు మెల్లగా వినిపించింది. "దేవుడు చేసిన మేలులు లెక్కపెడతాండాడు నాయనా. పెట్టనీ, అడ్డం రావద్దు."

మామ కళ్లనీళ్లు తుడుచుకుని, "ఆమెన్" అన్నాడు.

పెళ్లయ్యాక ఆనాటి నా లెక్క సంగతి నీకెట్లా తెలిసిందని అడిగితే ఆమె ఒకటే నవ్వు. "నేనూ కంప్యూటరు పనే చేస్తాండా కదా. మా డాక్టరు గూడా కండ్లు మూసుకోని ఇరవై దాకానే లెక్కపెట్టమన్నాడు."

"మరి నన్నెందుకు కాపాడినావు?"

"జమ్మలమడుగు పెండ్లిలో నన్ను చూసేటప్పుడు నువ్వు రెప్ప వేస్తే కదా! పాపం, ఈ కండ్లు శానా కష్టపడినాయిలే అనిపించింది."

ఇప్పుడు నా ముక్కు మీద కళ్లజోడు, ఇంట్లోనే కంప్యూటరు. పనిలో పడి ఒళ్లు మరిచేసరికి వెనకనుంచి రెండు అరచేతులొచ్చి నా కళ్లు మూస్తాయి. "ప్రార్థన టైమైంది" అంటుంది మా ఆవిడ. ఆనాటి బిక్కమొహం కుర్రవాడు గుర్తొచ్చి నవ్వుకుంటూ ఒకటి, రెండు అని మొదలుపెడతాను. సగానికి వచ్చేసరికి నిజంగానే మేలులు గుర్తొస్తాయి. ఇరవై చాలడం లేదు.