జాకెట్‌కు పట్టించిన ఆముదం

డిగ్రీ చివరి సంవత్సరం. పత్తికొండలో చలి ఉండదన్న సంగతి పక్కనపెట్టి, కాలేజీ వీడ్కోలు సభ కోసం తోలు జాకెట్ కొన్నాను. కొత్తగా కనిపిస్తే పరువు తక్కువని, మిద్దె మీద మూడు రోజులు శాండ్ పేపర్‌తో రుద్ది, ఎండబెట్టి, పదేళ్ల పాతదానిలా చేశాను.

సభ రోజు పొద్దున చూస్తే అది నిగనిగలాడుతోంది. పక్కనే ఆముదం గిన్నెతో తాత. ఎద్దుల మెడపట్టీలకు జీవితమంతా ఆముదం పూసిన మనిషి.

“తోలును అట్ల ఎండబెడతారాప్పా? శానా గరుకైపోయినాది. తెల్లారినప్పటి నుంచి పట్టిస్తాండా. ఇప్పుడు చూడు, ఎట్లుండాదో!”

“బాగుండాది తాతా,” అన్నాను. ఇంకేమనాలో డిగ్రీలో చెప్పలేదు.

ఆయన వాకిట్లో నిలబడి చూస్తుంటే వేసుకునే వెళ్లాను. ఆ వాసనకు గ్రూపు ఫొటోలో నా పక్కన ఎవరూ నిలబడలేదు.

ఫొటో చూసి తాత, “అందర్లో నువ్వే మెరుస్తాండావు,” అన్నాడు.

అది నిజం కావడమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.