వేలిముద్ర లేని ఉద్యోగిని

ఆ రోజుల్లో, అంటే బేగంపేటలో నాకు మొదటి ఉద్యోగం దొరికిన కొత్తలో, నా గురించి నాకు చాలా గొప్ప అభిప్రాయం ఉండేది. ఆఫీసు గుమ్మంలో హాజరు తీసుకునే యంత్రానికి మాత్రం ఆ అభిప్రాయం లేదు. బొటనవేలు పెట్టినప్పుడల్లా ‘ప్లీజ్ ట్రై అగైన్’ అనేది. కారణం మెట్టుగూడలోని మా ఇల్లు. కొలిమిలో సాగగొట్టిన కత్తులకు మా పెదనాయన మెరుగు పెట్టేవారు. ముందు గరుకు రాయి, తర్వాత నున్నటి రాయి, చివరికి గుడ్డలో జల్లించిన రాతిపొడి, నూనె. ఆ చివరి మెరుగు వేళ్లతోనే రుద్దాలి. ఆయనకు భుజం పట్టేయడంతో, పెళ్లి ఊరేగింపు కోసం ఎవరో తెచ్చిచ్చిన పాత కత్తి నా చేతికొచ్చింది. రోజూ ఆఫీసుకు వెళ్లేముందు కూర్చుని రుద్దేదాన్ని. కత్తి మెరుస్తూ వచ్చింది, నా వేలి గీతలు అరుగుతూ పోయాయి.

అన్ని వేళ్లూ పెట్టి చూస్తే యంత్రం చిటికెన వేలిని ఒప్పుకుంది. పొద్దున్నే అందరి ముందూ చిటికెన వేలు చాపి నిలబడితే (బడిలో ఆ వేలు ఎందుకు ఎత్తేవాళ్లమో గుర్తు తెచ్చుకోండి) వెనక నుంచి ఎవరో ఒకరు, “పోయి రా, జల్దీ రా” అనేవారు. కొన్నాళ్లకు అదీ అరిగింది. హాజరు చూసే మేడం పిలిచి, “మెషీన్ లెక్కల నువ్వు ఆఫీసుకే వస్తలేవు. గిట్లయితే నిన్ను పర్మనెంట్ చెయ్యమని ఎట్ల రాయాలె?” అన్నారు. కత్తి సంగతి చెప్పాను. “సాకులు శాన విన్న. కత్తి సాకు మాత్రం ఇదే ఫస్టు,” అన్నారామె. “ఆదివారం ఇంటికి రండి మేడం, చూపిస్త,” అన్నాను. వస్తారనుకోలేదు.

వచ్చారు. పెదనాయన పీట వేసి, “జెర మీరే పట్టి చూడుండ్రి,” అని ఆమె వేలికి రాతిపొడి అద్దారు. మకిలి పోయి, లోపలి ఉక్కు మంచు విడినట్టు బయటపడేసరికి మేడం కొంగు నడుముకు బిగించారు. అమ్మ పెట్టిన చాయ్ చల్లారింది, మళ్లీ పెట్టింది, అదీ చల్లారింది. “ఈ మూల ఒక్కటి అయిపోనీ,” అంటూ ఆమె పొద్దుగూకే దాకా లేవలేదు.

సోమవారం పొద్దున మేడం యంత్రం మీద బొటనవేలు పెట్టారు. కొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టారు. ‘ప్లీజ్ ట్రై అగైన్’ అంది యంత్రం. ఎవరూ నవ్వలేదు (నేనసలే నవ్వలేదు, ఉద్యోగం కావాలి కదా). ఆ వారంలోనే వేలి బాధ లేకుండా అందరికీ కార్డులొచ్చాయి. నా ఉద్యోగం నిలబడింది.

కత్తి పూర్తయిన రోజు పెదనాయన దాన్ని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసి, “ఇగ నేను కూసోని చాయ్ తాగొచ్చు బిడ్డా,” అన్నారు. ఇంతకు మించిన మెప్పు ఉండదనుకుని అప్పటి నాలోని పిచ్చిపిల్ల చాలా రోజులు గాల్లో తేలింది. అది మెప్పు కాదు, పని అప్పగించడమని, ఉద్యోగం మానేసి ఈ రాళ్ల ముందే స్థిరపడ్డాక, నడుం పట్టేసినప్పుడల్లా తెలుస్తోంది. పెదనాయన మాత్రం మాట తప్పలేదు. ఇదిగో, ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతున్నారు.