పేరు తెలిసిన తర్వాత

"మేడం పోయిందమ్మా," అని సారు ఫోన్లో చెప్పినప్పుడు హనుమకొండ పోయే బస్సులో నిలబడి ఉన్నాను. పీహెచ్‌డీలో నా గైడ్ ఆమె; సారు ఆమె భర్త. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు. చివరి కాలమంతా ఆక్సిజన్ మిషన్ పక్కనే గడిపారు. దాని గొట్టం వంటింటి గడపదాకానే వచ్చేది. "నా దేశం ఇంతే బిడ్డా," అనేవారు నవ్వి.

మేము వెతికింది సబ్బులా జిడ్డును విడదీసే పదార్థాన్ని తయారుచేసే మట్టి బ్యాక్టీరియా కోసం. ఆమె నడవగలిగిన రోజుల్లో, లారీలు బాగుచేసే షెడ్ల వెనక ఆయిల్ ఇంకి నల్లబడిన నేలను తానే తవ్వారు. "జిడ్డుల బతికేది జిడ్డును కరిగించుడు నేర్సుకోదా?" అనేవారు. ఆ మట్టిలోని ఒక బ్యాక్టీరియా మేం ఆశించిన దానికన్నా ఎక్కువ నురుగు ఇచ్చింది. ఆయిల్ పడి పాడైన పొలాల్లో దాన్ని చల్లాలని ఆమె కోరిక.

అది ఏ జాతిదో తేల్చడానికి జన్యుపరీక్షకు పంపాం. ఫలితం పట్టుకుని ఇంటికి వెళ్లాను. జబ్బుపడ్డవాళ్ల ఊపిరితిత్తుల్లో చేరి ప్రాణం మీదికి తెచ్చే జాతి అది. ఆమె కాగితాన్ని మళ్లీ మొదటినుంచి చదివారు. పక్కన మిషన్ గురగురలాడుతోంది.

అప్పటికి నా ఫెలోషిప్ అయిపోవస్తోంది. జాతి పేరు దాటవేసి థీసిస్ రాయమని మా విభాగంలో ఒక పెద్దాయన సలహా ఇచ్చారు. ఆ మాట ఆమెకు చెప్పాను.

"పేరు తెల్సినంక తెల్వనట్టు ఎట్లుంటం? నా అసొంటోళ్లు ఊరూరా ఉన్నరు. నీ డిగ్రీ లేటయితది, నన్ను తిట్టుకో. మళ్ల మట్టి తవ్వు."

ఈసారి స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర మా మామయ్య చేనులో, నీళ్లు తోడే ఇంజన్ నుంచి డీజిల్ కారే చోట తవ్వాను. ఆమె వీడియో కాల్‌లో చూస్తూ, "జర లోపటికి బిడ్డా," అనేవారు. దగ్గు ఆ కాస్త మాటనూ తెంపేసేది. దొరికినదాని నురుగు తక్కువే. కానీ హాని చేయని జాతి అని జన్యుపరీక్షలో తేలింది. నా డిగ్రీ ఇంకా రాలేదు.

"కండ్లతోని సూడాలె, తీస్కరా," అన్నారామె. ఆ బ్యాక్టీరియాను పెంచిన ద్రవాన్ని, అది లేకుండా వడపోసి సీసాలో తీసుకెళ్లాను. అదే చివరిసారి ఆమెను చూడటం. పళ్లెంలో నీళ్లు పోసి పైన నూనె పొర పరిచాను. సీసాలోని ద్రవాన్ని డ్రాపర్‌లోకి తీసి ఆమె చేతికిచ్చాను. ఆమె పళ్లెం మీదికి వంగి నొక్కారు. చుక్క నడిమధ్యన పడింది. నూనె అన్నివైపులా వెనక్కి జరిగింది.

"పోతాంది సూడు," అన్నారు మెల్లగా.

నడుమ తేటనీళ్లు బయటపడ్డాయి. ఆమె ఇంకాస్త వంగారు. ఆ నీళ్లలో ఆమె ముఖం, పైన తిరుగుతున్న ఫ్యాను కనిపించాయి.