సగం పరబ్రహ్మం

మా బావ పరబ్రహ్మం దేన్నీ సగానికి మించి వాడడు. బేటరీని సగంలో ఆపుతాడంటే సరే, అందులో ఏదో శాస్త్రం ఉందనుకుందాం. కాని టీ సగం, అన్నం సగం, సినిమా సగం, ఆఖరికి కోపం కూడా సగమే. ఒకసారి తుమ్ము వస్తూ వస్తూ సగంలో ఆగిపోతే మహదానందంగా మావైపు చూసి "చూసేరా?" అన్నాడు. భిలాయిలో మేముండే ఖుర్సీపార్లో మా వీధివాళ్లు వెనకాల ఆయన్ని సగం పరబ్రహ్మం అనేవారు. ఎదురుగా అన్నా ఏమీ అనుకోడు. అనుకున్నా సగమే అనుకుంటాడు.

ఈ జబ్బు ఆయనకి ఉద్యోగంలో అంటుకుంది. భిలాయి స్టీలు ప్లాంటులో సరుకు మోసే బేటరీ బళ్లుంటాయి. వాటికి ఛార్జింగు పెట్టే షెడ్డులో బావ పని. నేను ఉద్యోగం వెతుక్కుంటూ విజయనగరం నుంచి వచ్చి అక్కా బావల ఇంట్లో దిగిన రోజున, నా చెప్పులు ఇంకా కాళ్లకుండగానే పాఠం మొదలెట్టాడు.

"ఒరే గోపాలం, బేటరీని చంపేది ఏటో తెలుసా?"

"తెలీదు బావా. కాళ్లు కడుక్కుంటాను."

"ఆశ! అడుగంటా పిండీసే ఆశ. సగం వాడు, ఆపు, వెంటనే ఛార్జింగు పెట్టు. వాడేటప్పుడు సగం, ఛార్జింగు పెట్టేటప్పుడు మాత్రం నిండా. మధ్యలో ఆపకూడదు. అలా చూసుకుంటే ఏళ్ల తరబడి పడుంటాది. పూర్తిగా వాడీసి వదిలీసేవనుకో, పాడె కట్టుకోడమే."

"దాహం, బావా."

అయ్యో పాపం అంటూ తనే వెళ్లి మంచినీళ్లు తెచ్చాడు. గ్లాసులో సగం.

మా బస్తీలో ఎండాకాలం వచ్చిందంటే కరెంటు పుట్టింటికెళ్లిన కోడలే. ఎప్పుడొస్తుందో ఎవరికీ చెప్పదు. అందుకని జీతంలో మిగిల్చి మిగిల్చి, పక్కనున్న చరోదాలో రైల్వే వేలం సరుకు అమ్మే కొట్టుకి ఒక ఆదివారం బయల్దేరాడు బావ. నన్నూ లాక్కెళ్లాడు. కొట్టువాడు నిగనిగలాడే కారు బేటరీ ఒకటి ముందుకు తోసి "యే లే లో భాయ్‌సాబ్, సస్తా హై" అని చవక ధర చెప్పాడు.

బావ దానివైపు కన్నెత్తి కూడా చూడలేదు. "ఒరే, కారు బేటరీ కొట్లాటకి పనికొస్తాది గాని కాపురానికి పనికిరాదు. లోపల రేకులు పల్చన. ఒక్క ఊపున ఇంజను లేపీసి పడుకుంటాది. గంటలు గంటలు నిదానంగా ఇవ్వమంటే చతికిలబడతాది. మనకి గావాల్సింది రైలుపెట్టెల్లో దీపాలకీ ఫేన్లకీ పెట్టేది. దాని రేకులు మందం, సహనం ఎక్కువ."

"మా అక్కలాగ."

"ఆఁ, సగం," అన్నాడు.

రైలు బేటరీ అంటే ఒక్కటి కాదు, పన్నెండు చిన్న బేటరీలు వరసగా కలిపితే ఒకటి. బావ గుట్టలో దూరి ఒక్కొక్కదానికీ మూత విప్పి, టార్చిలైటు వేసి రేకులు చూశాడు. అడుగున మడ్డి పేరుకున్నవాటిని పక్కన పడేశాడు. రబ్బరు బుడ్డి ఉన్న గాజుగొట్టంతో ఏసిడ్ పీల్చి, లోపల మీటరు ఎంతవరకు తేలిందో చూసి, వాసన చూసి, కళ్లు మూసుకుని ఆలోచించాడు. పొద్దు నెత్తిమీద నుంచి పక్కకి దిగింది. కొట్టువాడు తల పట్టుకున్నాడు.

"అరే బాబా, బేటరీ లే రహే హో యా బహూ?"

"కోడలైతే ఒక్కర్తే భయ్యా! ఇవి పన్నెండు. పన్నెండూ ఒక్కలాగే ఉండాల. ఒక్కటి నీరసంది పడిందా, మిగతా పదకొండింటి ఉసురూ తీసీసుద్ది."

కొట్టువాడికి తెలుగు రాదు. అయినా భయపడి ధర తగ్గించాడు. కొసరుగా ఒక రైలుపెట్టె ఫేను కూడా ఇచ్చాడు.

ఆ పూటనుంచి మా ఇల్లు సెకండుక్లాసు పెట్టె అయిపోయింది. ముందుగదిలో పంజరంలో ఫేను. స్విచ్చి వేస్తే తిరగదు. అందరికీ తెలిసిన రైలు పద్ధతే, దువ్వెన దూర్చి రెక్కని ఒక్క తోపు తొయ్యాలి. "ఈ ఇంటికి టికెట్టు కలెక్టరు ఒక్కడే తక్కువ," అనేది మా అక్క సత్యలక్ష్మి.

ప్రతి ఆదివారం పన్నెండింటికీ స్నానాలు. మూతలు విప్పి, రేకులు మునిగేదాకా డిస్టిల్డ్ వాటరు పొయ్యాలి. కుళాయినీళ్లు తగిలాయో, బావ ప్రాణం విలవిల్లాడేది. తీగలు తగిలించే కొమ్ములమీద పేరుకున్న తెల్లబూజుని వేణ్నీళ్లతో కడిగి, తుడిచి, వేసలీను రాయాలి.

"ఏటండీ, చలికాలం నా పాదాలు పగిలి నెత్తురొస్తే వేసలీను సీసా ఖాళీ అన్నారు. ఇదెక్కడిది?"

"అది వీటిదే."

"వీటికి డిస్టిల్డ్ వాటరు, మాకు కుళాయినీళ్లు. వీటికి వేసలీను, మాకు కొబ్బరినూని. తాళి కట్టింది ఎవరికో ఒకసారి గుర్తు తెచ్చుకోండి!"

ఇంత సేవ చేసిందానికి ఫలం దక్కిందా అంటే, సగమే దక్కింది. మే నెల మధ్యాహ్నం కరెంటు పోతుంది. దువ్వెన దూరుస్తాం, ఫేను తిరుగుతుంది, ప్రాణం లేచొస్తుంది. సరిగ్గా కన్ను మూతపడే వేళకి బావ గాజుగొట్టం పట్టుకొస్తాడు. పీలుస్తాడు, చూస్తాడు, టక్కున కట్టేస్తాడు.

"బావా, ఇంకా సగం ఉంది కదా!"

"ఉంది. ఉండాల."

"ఉంచి ఏటి చేస్తావు? ఊరగాయ పెడతావా?"

దానికి నవ్వేవాడు. ఆ నవ్వు కూడా సగమే.

సినిమా సంగతి ఇంకా ఘోరం. ఆదివారం పొద్దుటి ఆటకి తెలుగు సినిమా వేసేవారు. అక్కా బావా బంగారయ్య రిక్షాలో వెళ్లేవారు. బంగారయ్యది శ్రీకాకుళం వైపు, బాబుని బావు అంటాడు. నోరు తెరిస్తే మూయడు. అక్క ఆడవాళ్ల బెంచీల్లో, బావ మగవాళ్లవైపు. ఇంటర్వెల్ గంట కొట్టగానే బావ లేచి బయటికొచ్చేస్తాడు. ఆట వదిలేవేళకి అక్క బయటికొస్తే, రిక్షాలో కాళ్లు చాపుకుని ఆయన. దారిపొడుగునా, మా గుమ్మం దాకా కొట్లాట.

"ఆఖర్న ఆ తల్లీ కొడుకులు కలిసేరో లేదో తెలుసుకోవాలని లేదా మీకు?"

"సగం చాలే."

ముందు సీటు మీద బంగారయ్య కిసుక్కుమనేవాడు. ఎందుకు నవ్వుతున్నాడో నాకు చాలాకాలం తెలియలేదు.

ఆ ఏడాది మే నెలలో మా వీధి ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మని కాలిపోయింది. ఆ మధ్యాహ్నం ఫేను వేశాం, సగం దగ్గర బావ కట్టేశాడు. తెల్లారినా కరెంటు రాలేదు. కొత్త ట్రాన్స్‌ఫార్మరు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియదన్నారు. పదిగంటలకే గోడలు పెనాల్లా కాలుతున్నాయి. వడగాలికి కాకులు నోళ్లు తెరిచాయి. అక్క కూడా తెరిచింది.

"వేస్తారా వెయ్యరా ఆ ఫేను?"

"సగం అయిపోయిందే..."

ఆ తర్వాత అక్క అన్నవన్నీ రాయలేను. మా అక్కకి మాత్రం కోపం సగంలో ఆపే అలవాటు లేదు.

ఆ తిట్ల వాన వెలిసేలోగా గుమ్మంలో కన్నమ్మ కనపడింది. వెనకవీధిలో ఇడ్లీలమ్మే మనిషి. ఆమె కూతురు పైడితల్లి ఆ వారమే ఆడపిల్లని కన్నది. కన్నమ్మ ముఖంలో నెత్తుటిచుక్క లేదు.

"సత్యలచ్చిమమ్మా, మీకాడ ఇసనకర్ర ఇంకోటుంటే ఇయ్యమ్మా. గుంట ఒళ్లు కాలిపోతన్నాది. పాలు పట్టటం నేదు. డాకటరుబాబు తడిగుడ్డ ఏసి గాలి తగల్నిమ్మన్నాడు. నిన్నకాణ్ణించి ఇసురుతూనే ఉన్నాం. సేతులు పడిపోతన్నాయి."

"ఇక్కడికి తీసుకొచ్చీండి," అన్నాను నేను.

"పురుడు తీరనేదు బాబూ! గడప దాటించకూడదు."

బేటరీ అడగాలన్న ఊహ కూడా ఆమెకి రాలేదు. వచ్చినా అడగదు. సగం పరబ్రహ్మం సంగతి వీధి వీధంతటికీ తెలుసు. అక్క విసనకర్ర వెతుకుతోంది. వెనక్కి తిరిగి చూద్దును కదా, బావ స్టూలెక్కి ఫేను విప్పుతున్నాడు.

"గోపాలం, బంగారయ్యని పిలు. నడు, నడు!"

బరువు ఎక్కువై రిక్షా రెండుసార్లు తిరగాల్సొచ్చింది. బంగారయ్య తొక్కుతున్నాడు, బావా నేనూ వెనకనుంచి తోస్తున్నాం. ఆ ఎండలో, ఆ ఆదుర్దాలో బంగారయ్య మెల్లిగా అడిగాడు.

"బావుగారూ, మొన్నటి బొమ్మలో ఆ గుంటడు పోలీసోణ్ణి సూస్తే ఎందుకలగ వొణుకుతాడు?"

"చిన్నప్పుడు వాళ్ల నాన్నని పట్టుకెళ్లిపోయేరురా. అది మొదట్లోనే వచ్చీసింది. మరి ఆఖర్న తల్లి దొరికిందా?"

"దొరికినాది బావూ. గుళ్లో."

నేను తొయ్యడం మానేసి నిలబడిపోయాను. బంగారయ్య ఇన్నాళ్లూ బావ టికెట్టు సగం ముక్క మీద రెండో సగాలు చూస్తున్నాడన్నమాట! అంతసేపూ మా బావ ఎండలో కూచుని రిక్షాకి కాపలా. తర్వాత ఇద్దరూ కలిస్తే ఒక సినిమా.

"ఏటి బావా, మరి షెడ్డుకి పట్టికెళ్లే కేరేజీలో నువ్వు మిగిల్చే సగం అన్నం..."

"నాతో పనిచేసే కుర్రాడికి వండిపెట్టేవాళ్లెవరూ లేరురా. తొయ్యి, తొయ్యి, మాటలకి టైము కాదు!"

కన్నమ్మ ఇంట్లో పన్నెండింటినీ గుమ్మం బయట నీడలో పేర్చాడు. తీగలు బిగించాడు. ఫేనుని దూలానికి కట్టాడు. స్విచ్చి వేస్తే యథాప్రకారం కదల్లేదు.

"దువ్వెన! దువ్వెన తెండి!"

కన్నమ్మ తన కొప్పులోంచి లాగి ఇచ్చింది. ఒక్క తోపు. ఫేను గిర్రున తిరిగింది. గుమ్మానికి కన్నమ్మ తడిపి కట్టిన చీర ఊగింది. చల్లగాలి లోపలంతా పాకింది. ఇంకాసేపటికి లోపల్నుంచి ఏడుపు వినపడింది, తర్వాత అదీ ఆగింది. నేను తడిచీరవైపు చెవి ఒగ్గాను.

"తాగతన్నాదమ్మా!" పైడితల్లి గొంతు. "పాలు తాగతన్నాది!"

మూడు గంటలవేళ నేనే గాజుగొట్టంతో చూశాను. ఇన్నాళ్లు ఆ ఇంట్లో ఉన్నాక ఆమాత్రం వచ్చింది. మీటరు పాతాళంలో ఉంది.

"బావా, అడుగంటిపోతోంది! ఇప్పుడు ఆపకపోతే బేటరీలు చచ్చిపోతాయి. మళ్లీ ఛార్జింగు పెడదామంటే కరెంటు లేదు!"

బావ గాజుగొట్టం నా చేతిలోంచి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. "ఇన్నాళ్లూ ఆ సగం దేనికి దాచేననుకున్నావురా? మన సగం మనం వాడుకున్నాం. మిగతాది ఇలా గుమ్మంలోకొచ్చినోళ్లది. ఒకళ్ల సొత్తుకి నేను కొలతేటి వేస్తాను?"

ఊరగాయ అన్నందుకు నాలిక కరుచుకున్నాను.

పొద్దు వాలేవేళకి ఫేను నీరసించింది. రెక్కలు విడివిడిగా కనపడ్డాయి, ఊగాయి, ఆగాయి. అంతలో ఆకాశం ఎర్రబడి దుమ్ముగాలి లేచింది. దాని వెనకే పెళపెళా వాన. ఊరు ఊరంతా చల్లబడింది. పిల్ల ఆదమరిచి నిద్రపోయింది. ఆ గాలికి ఉన్న కరెంటుస్తంభాలు కూడా పడ్డాయి. బేటరీలు అలా ఒట్టిపోయి పడున్నాయి.

"ప్లాంటు షెడ్డులో పెట్టీవచ్చు కదా బావా?"

"ప్లాంటు కరెంటు ప్లాంటుది. అందులో సగం కూడా మనది కాదు."

కరెంటొచ్చాక బావ వాటి పక్కనే చాప వేసుకుని ఛార్జింగు పెట్టాడు. మెల్లిగా, జ్వరం తగ్గినవాళ్లకి గంజి పట్టినట్టు. కొన్ని బుడగలు వదిలాయి, కొన్ని వదల్లేదు. ఆఖరికి లెక్క తేలింది. పన్నెండింటిలో ఆరు బతికాయి.

అక్క బావ ముఖంలోకి భయంగా చూసింది. బావ తల పంకించాడు. "సరిగ్గా సగం! ఏటి కొలత, ఏటి కొలత!" అని మురిసిపోయాడు.

ఆరు బేటరీల మీద ఫేను సగం జోరే తిరిగేది. "ఇంటాయనకి తగ్గ ఫేను," అంది అక్క. కాని వేసలీను కొత్త సీసా తనే కొని తెచ్చి బేటరీల పక్కన పెట్టింది.

కన్నమ్మ మనవరాలికి పేరు పెట్టిన రోజున అందరం వెళ్లాం. బంగారయ్య కొత్త లుంగీ కట్టాడు. కన్నమ్మ పెద్ద గిన్నెడు పాయసం బావ చేతిలో పెట్టి, ఎదురుగా నిలబడింది.

"బావూ, ఇయాల సగం అంటే ఒప్పను."

మేమంతా గిన్నెవైపే చూశాం. బావ తాగాడు. సగం వచ్చింది. ఆగలేదు. గిన్నె ఎత్తి, అడుగున జీడిపప్పు కూడా వేలితో తీసి నోట్లో వేసుకున్నాడు.

"ఏటండోయ్!" అంది అక్క. "సగం దాటీసేరు! మీ బేటరీ పాడైపోదా?"

మా బావ మూతి తుడుచుకుని, ఖాళీ గిన్నె కన్నమ్మ ముందుకు చాపాడు.

"పిచ్చిదానా, ఇది వాడకం కాదే, ఛార్జింగు. ఇది మధ్యలో ఆపకూడదు. కన్నమ్మా, ఇంకొంచెం వెయ్యమ్మా!"