నలభై ఒక్క పొట్లాలు

హన్మకొండలో బస్సెక్కగానే కండక్టర్ రూతు ఆధార్ కార్డు చూసి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ చింపి ఇచ్చాడు. ఆమె అన్న ప్రభుదాస్‌కు మాత్రం జేబులో చెయ్యి పెట్టక తప్పలేదు.

“సాక్ష్యం నీది, టికెట్ నాది,” అన్నాడు చెల్లెలి పక్కన కూర్చుంటూ.

పోయిన ఆదివారం కూడా ఇదే మాట అన్నాడు. రూతు నవ్వబోయి, నవ్వు రాక కిటికీ వైపు తిరిగింది.

ఆమెకు నలభై ఆరేళ్లు. ఢాకా నుంచి వచ్చి నాలుగు వారాలైంది. అయినా ఒంట్లోంచి అలసట దిగలేదు. తెల్లారి లేచేసరికే, ముందురోజంతా వంగి నాటేసినట్టు నడుము పట్టేసి ఉంటోంది. స్టేషన్ ఘన్‌పూర్‌లో అక్క రాణి తన ఇంట్లోనే ఉంచుకొని రెండుసార్లు దవాఖానకు తిప్పింది. రక్తం తక్కువుందని డాక్టర్ గోలీలు రాశాడు. మరిపెడలో రేకుల షెడ్డు కింద చిన్న సంఘాన్ని నడిపే పాస్టర్ ప్రభుదాస్ దగ్గర మందు వేరే ఉంది. దేవుడు చేసిన మేలును నలుగురిలో చెప్పుకుంటే పానం తేలికైతదని ఆయన నమ్మకం.

అది ఆయన ఒక్కడి నమ్మకం కాదు. గండం గడిచి బయటపడ్డ మనిషి సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఆపరేషన్ అయి లేచినవాళ్లు, పొలంలో కరెంటు షాక్ కొట్టి బతికినవాళ్లు, అందరూ చెప్తారు. పైగా జూలైలో ఢాకాకు ఫోన్లు కలవని రోజుల్లో మూడు ఊళ్ల సంఘాలు రూతు కోసం ఉపవాసాలుండి ప్రార్థన చేశాయి. ఘన్‌పూర్‌లో చెప్పింది. మరిపెడలో చెప్పింది. ఇక మహదేవపూర్ మిగిలింది.

ప్రభుదాస్ ఒళ్లో అట్ట ఊడిన పొడుగు నోటుబుక్కు ఉంది. ముందు నుంచి విన్నపాలు రాస్తాడు, వెనక నుంచి కృతజ్ఞతలు. ప్రార్థన ఫలిస్తే ఆ పేరును ముందు పేజీలో కొట్టేసి వెనక్కు ఎక్కిస్తాడు. రూతు పేరు మీద స్కేలు పెట్టి కొట్టిన గీత, కాగితం అవతలి వైపు కూడా తేలింది.

పరకాల దాటాక రూతు ఫోన్ మోగింది. తెర మీద జొహరా పేరు. రూతు ఫోన్‌ను బోర్లించి ఒళ్లో పెట్టుకుంది.

“ఎవరు?”

“ఆడ మెస్సుల నాతోని పనిచేసిన ఆమె.”

“మాట్లాడరాదు మరి?”

“బస్సు సప్పుడుకు ఇనబడది,” అంది రూతు.

ఈ నాలుగు వారాల్లో జొహరా అయిదుసార్లు ఫోన్ చేసింది. ఒక్కసారి కూడా రూతు ఎత్తలేదు.

రూతు ఢాకాకు పోయింది కూడా అనుకొని కాదు. భర్త రాజేందర్ పోయినప్పటి నుంచి మహబూబాబాద్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. మరిపెడ దగ్గరి పెద్ద రైతు జగపతి కూతురు స్వాతి ఆ హాస్టల్లోనే చదివి, డాక్టర్ కోర్సుకు ఢాకా పోయింది. అక్కడి తిండి సయించక ఆరు నెలల్లో చిక్కి సగమైంది. కాలేజీలో తెలుగు పిల్లలే నలభై మంది దాకా ఉన్నారని తెలిసి, తల్లిదండ్రులంతా కలిసి ఒక మెస్సు పెట్టించారు. స్వాతి పట్టుబట్టి రూతక్కనే పంపమంది. అట్లా పోయి రెండేళ్లు వండింది. ఆ రెండేళ్లూ వంటింట్లో ఆమెకు కుడిచెయ్యి జొహరా. మెస్సున్న వీధి చివర బస్తీలో ఆమె ఇల్లు. భర్త రఫీక్ రిక్షా తొక్కుతాడు. రూతుకూ జొహరాకూ ఇద్దరికీ వచ్చిన భాష టీవీ సీరియళ్ల హిందీ. దానితోనే కూరలో ఉప్పు దగ్గర నుంచి కాపురంలో కష్టాల దాకా చెప్పుకునేవారు.

విద్యార్థులు రోడ్ల మీదికి వచ్చి, కాల్పులు మొదలై, దేశమంతా ఇంటర్నెట్ ఆగిపోయిన మరునాడు కాలేజీ వాళ్లు కబురు చెప్పారు. శనివారం పొద్దున బస్సులొస్తాయి, ఇండియా పిల్లలందరినీ అగర్తలా సరిహద్దు దాటిస్తాం, దారిలో తిండి దొరకదు, కట్టుకొని రండి అని. రెండు రోజులు ఆగే తిండి అంటే రూతుకు తెలిసింది పులిహోరే. కానీ నలభై ఒక్క మందికి పులిహోరంటే ఒక్క చేతి పని కాదు. అన్నం వాయిలు వాయిలుగా వార్చాలి, చాపల మీద పరిచి ఆరబెట్టాలి, పూర్తిగా చల్లారాకే పులుసు కలిపి పొట్లం కట్టాలి. వేడి మీద కడితే మధ్యాహ్నానికే పాసిపోతుంది.

ఆ సాయంత్రం జొహరా కొంగు దులుపుకొని ఇంటికి బయల్దేరింది. రూతు ఆమె చెయ్యి పట్టుకుంది. ఈ ఒక్క రాత్రి ఉండు, నాతో ఒక్కదానితో కాదు అని బతిమాలింది. జొహరా గేటు వైపు ఒకసారి చూసి, కొంగు మళ్లీ నడుముకు చెక్కుకుంది. ఆ రాత్రే కర్ఫ్యూ పెట్టారు.

ఇదంతా ప్రభుదాస్‌కు తెలియదు. ఆయనకు తెలిసింది, రూతు అగర్తలా నుంచి ఫోన్లో చెప్పిన నాలుగు ముక్కలు. గేటు దగ్గర గొడవైందని, ఎవరికీ ఏమీ కాలేదని, దేవుడి దయ అని. ఆ నాలుగు ముక్కలనే ఆయన సాగదీశాడు. సిపాయిలు తుపాకులతో గేటు ముందుకు వచ్చారట. రూతు మోకాళ్లూని గట్టిగా వాక్యం చదివిందట. వాళ్లు తుపాకులు దించి వెనక్కు మళ్లారట. ఘన్‌పూర్‌లో ఇద్దరున్న సిపాయిలు మరిపెడకు వచ్చేసరికి ఆరుగురయ్యారు. రూతు రెండు చోట్లా లేచి, అన్న చెప్పిందాని మీద రెండు మాటలు కలిపి, స్తోత్రమని కూర్చుంది. కాదనడానికి ఓపిక కావాలి. మరిపెడలో జగపతి, తన భార్య లీలావతితో కలిసి వచ్చి రూతుకు శాలువా కప్పాడు. మా బిడ్డను బతికించినవని లీలావతి చేతులు పట్టుకుంటే, రూతుకు ఆ చేతుల్లోంచి తన చేతులు ఎప్పుడు విడిపించుకుందామా అనిపించింది.

మహదేవపూర్‌లో దిగేసరికి ముసురు పట్టింది. నాట్ల కాలం కావడంతో ముప్పై మంది కంటే ఎక్కువ రాలేదు. వచ్చిన ఆడవాళ్ల కాలివేళ్ల సందుల్లో ఒండ్రు ఇంకా అట్లాగే ఉంది. అక్కడి పాస్టర్ మాన్‌సింగ్ తక్కువ మాట్లాడే మనిషి. ఆయన ఎదురొచ్చి లోపలికి తీసుకుపోయి చాపలు వేయించాడు. వాకిలి దగ్గర గోడకు ఆనుకొని ఒక ముసలాయన కూర్చున్నాడు. పేరు పోశాలు. బాప్తిస్మం తీసుకోలేదు. కాళ్ల నొప్పులున్న భార్యను తోలుకొచ్చి, కూడిక అయ్యేదాకా అక్కడే కూర్చొని పోతాడట.

పాటలయ్యాక ప్రభుదాస్ లేచాడు. ఈసారి సిపాయిలు ఒక లారీ నిండా దిగారు. జనం స్తోత్రం, స్తోత్రం అంటున్నారు. ఆయన చెయ్యి చాపి చెల్లెల్ని పిలిచాడు.

రూతు లేచి నిలబడింది. ముందు వరుసలో ఒకామె రెండు చేతులూ జోడించి ఆమె నోటి వైపే చూస్తోంది. పొద్దుటి నుంచి నాటేసి వచ్చిన మనిషి, నిద్ర ఆపుకొని చూస్తోంది. ఆ కళ్లను చూశాక రూతుకు, అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక లేదనిపించింది.

“సిపాయిలు రాలేదు,” అంది. “కట్టెలు పట్టుకొని కొంతమంది వచ్చి గేటు ఊపిండ్రు. నేను వంటింట్ల పొయ్యి కాడ ఉన్న. పానం దడదడ కొట్టుకుంటే ఒక్క వాక్యం గూడ యాదికి రాలే. గేటు కాడికి పోయింది జొహరా. లోపట ఆడివిల్లలున్నరు, వండేటోళ్లున్నరు, పోండ్రి అన్నది. వాళ్లు పోయిండ్రు.”

ప్రభుదాస్ గొంతు సవరించుకున్నాడు. రూతు ఆయన వైపు చూడలేదు. జొహరా ఎవరో చెప్పింది. పులిహోర గురించి చెప్పింది. తాను చెయ్యి పట్టుకొని ఉండమన్నది చెప్పింది. పెళ్లాం రాలేదని, ఫోన్ కలవడం లేదని, రఫీక్ ఆ సాయంత్రమే రిక్షా తీసుకొని ఆమెను వెతకడానికి బయల్దేరాడు. మెస్సు దాకా రానే లేదు. పొద్దున పొట్లాలు బస్సులో సర్దుతుంటే, జొహరా పొరుగింటాయన సందుల్లోంచి వచ్చి, రఫీక్ ఇక్కడున్నాడా అని అడిగాడు.

“జొహరా నన్నేమనలే. నా మొఖం చూసి, బస్సెక్కు దీదీ అన్నది. నేను ఎక్కిన.”

ఎవరూ ఆమేన్ అనలేదు. ఎక్కడ అనాలో వాళ్లకు తెలియలేదు. వాకిలి దగ్గర నుంచి పోశాలు అడిగాడు.

“మరి ఆయిన దొరికిండా బిడ్డా?”

“తెల్వది బాపు. నేను అడగలే.”

“అడగకపోతే ఎట్ల తెలుస్తది?”

“ఆమె ఫోన్ చేస్తుంది. నేనే ఎత్తుతలే.”

“ఎత్తితే తిట్టి ఒర్రుతదని భయమా?” అన్నాడు పోశాలు. “ఒర్రితే ఒర్రనియ్యి. ఆమెకైన జర బరువు దిగుతది.”

మాన్‌సింగ్ లేచి, ఆ మనిషి పేరు మళ్లీ ఒకసారి చెప్పమని అడిగాడు. రూతు చెప్పింది. అందరూ తల వంచారు. మొన్నటి దాకా రూతు పేరు పలికినట్టే, ఎన్నడూ చూడని రఫీక్ పేరును ఆ నోళ్లు పలికాయి. ప్రభుదాస్ కళ్లు మూసుకొనే ఉన్నాడు కానీ, పెదవులు కదపలేదు.

అన్నాలు పెడుతుంటే రూతు చెయ్యి కడుక్కునే మిషతో బయటికి వచ్చి, చూరు కింద నిలబడి ఫోన్ కలిపింది. రెండో మోతకే జొహరా ఎత్తింది.

ఆమె ఒర్రలేదు. పిల్లలంతా చేరారా అని ముందు అడిగింది. చేరారు, నలభై ఒక్క మందీ చేరారని చెప్పింది రూతు. పులిహోర పాసిపోలేదు కదా అని అడిగింది. లేదని చెప్పింది. ఇక అడగడానికి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు. అప్పుడు రూతు అడిగింది. రఫీక్ దొరకలేదు. జొహరా నాలుగు దవాఖానలు తిరిగింది, చచ్చిపోయినవాళ్ల పేర్లు అంటించిన గోడలన్నీ చూసింది. రిక్షా మాత్రం దొరికింది. వీధి మలుపులో చెట్టుకు గొలుసు వేసి, తాళం పెట్టి ఉంది. మళ్లీ వచ్చి తీసుకుందామనుకున్న మనిషి పెట్టినట్టే ఉంది.

రూతు చూరు గుంజను పట్టుకుంది. “ఆ రోజు నేను ఉండమనకపోతే నువ్వు ఇంటికి పోయేదానివి,” అంది ఆ వచ్చీరాని హిందీలోనే.

అవతల ఎక్కడో కుళాయి కింద బిందె నిండుతున్న చప్పుడు వినబడింది.

“అవును దీదీ,” అంది జొహరా. కుళాయి ఆగాక మళ్లీ అంది. “రేపు కూడా ఫోన్ చెయ్యి.”

తిరుగు బస్సులో ప్రభుదాస్ నోటుబుక్కును సంచిలో పెట్టేసి, భూపాలపల్లిలో దిగాడు. అక్కడ బస్సు మారాలి. బస్టాండ్‌లో రెండు టీలు చెప్పి, ఒకటి ఆమె చేతికిచ్చాడు.

“ముప్పై మంది ముందట నన్ను అబద్ధాలోన్ని చేస్తివి,” అన్నాడు.

“నేను గూడ రెండు ఊళ్లల్ల అబద్ధాలదాన్నే అయిన గదా అన్నా.”

ఆయన టీ ఊదుకున్నాడు. తర్వాత, జనగామ సంఘం వాళ్లు కూడా అడిగితే వచ్చే ఆదివారానికి ఒప్పుకున్నానని, ఇప్పుడు వద్దని చెప్పాలా అని అడిగాడు.

“వస్త. వస్తే గిదే చెప్త.”

ప్రభుదాస్ గ్లాసు బల్ల మీద పెట్టి, సంచిలోంచి నోటుబుక్కు తీశాడు. వెనక నుంచి తెరవబోయి, ఆగి, ముందు నుంచి తెరిచాడు. ఆఖరు పేరు కింద రఫీక్, ఢాకా అని రాశాడు. ఇంటిపేరేందని అడిగాడు. రూతుకు తెలియదు. రెండేళ్లు పక్కన కూర్చొని ఉల్లిగడ్డలు కోసిన జొహరా ఇంటిపేరు ఆమె ఎన్నడూ అడగలేదు.

“రేపు అడిగి చెప్త,” అంది. “అన్నా, దాని కింద నా పేరు గూడ రాయి.”

“నీది కొట్టేసినం గదా. ఎనకకు ఎక్కింది. కొట్టేసిన పేరు మళ్ల ముందట ఎట్ల రాస్తం?”

“రాయి.”

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఏమి కనబడిందో ఏమో, స్కేలు గీత పడిన పాత పేరును వేలితో ఒకసారి తడిమి, పేజీ తిప్పి, రఫీక్ పేరు కింద రూతు అని రాశాడు. హన్మకొండ బస్సు వచ్చి ఆగింది. రూతు ఆధార్ కార్డు చేతిలో పట్టుకొని లేచింది.